కుచ్చులు లేని స్కర్టు

ఆ పొద్దున రోడ్డు మీద ఉన్నవాళ్లందరూ చూశారు.

గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ పోయే పెద్ద రోడ్డు. బస్తీ మలుపు దగ్గర సర్కారు బడి పిల్లలు ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఆటో వచ్చేసరికే నిండిపోయి ఉంది. మగపిల్లలు వెనక కమ్మీలు పట్టుకుని ఎగిరి ఎక్కేశారు. ఎనిమిదో తరగతి చదివే స్వరూప కుడికాలు మెట్టు మీద పెట్టి ఎడమకాలు లేపబోయింది. లేవలేదు. కొత్త నీలం స్కర్టు మోకాళ్ల దగ్గర బిగుసుకుపోయింది. పైకి జరుపుకుందామని చెయ్యి వేసింది. ఎదురుగా మగపిల్లలు వేలాడుతున్నారు. సిగ్గుపడి చెయ్యి తీసేసింది. అంతలో డ్రైవరు ఆటోను ముందుకు ఉరికించాడు.

పిల్ల రోడ్డు మీద పడింది. పెద్ద దెబ్బేం తగల్లేదు. లేచి నాలుగు అంగలు వేస్తే పక్కకు వచ్చేసేదే. లేవబోతే కాళ్లు విడివడలేదు. మోకాళ్ల మీద పాకింది. వెనక నుంచి కరెంటు కార్ఖానా బూడిద నింపుకుని సిమెంటు కార్ఖానాకు పోయే లారీ వస్తోంది. డ్రైవరు బ్రేకు వేశాడు. లారీ ఆగింది. ఆగే ముందు దాని చక్రం పిల్ల ఎడమకాలి మీదుగా పోయింది.

మరునాడు పేపరులో చిన్న వార్త వచ్చింది. ఎక్కువమందిని ఎక్కించినందుకు ఆటో డ్రైవరును లోపల వేశారు. లారీ డ్రైవరు పారిపోయాడు. ఆటోల మీద పోలీసులు వారం పాటు గట్టి తనిఖీ చేశారు. స్కర్టు సంగతి ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు.

మనం చెప్పుకోవలసింది ఆ స్కర్టు సంగతే. అది ఎవరు కుట్టారు, ఎవరు కుట్టించారు, అట్లా ఎందుకు కుట్టవలసి వచ్చింది అన్నదే.

కుట్టింది స్వరూప తల్లి శోభ పనిచేసే షెడ్డులోనే. ఒకప్పుడు లారీ టైర్లు పడేసుకున్న రేకుల షెడ్డు అది. ఎండాకాలం రేకులు కాలి నెత్తి మీద సెగ కక్కేవి. వానాకాలం కారేవి. అందులో ఇరవై మంది దాకా ఆడవాళ్లు కుట్టేవారు. బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్ల పెళ్లాలు, బాయిలో మొగుళ్లను పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్నవాళ్ల కోడళ్లు. మిషన్లు ఎవరివి వాళ్లవే. షెడ్డు, బట్ట, ఆర్డరు మాత్రం కాంట్రాక్టరువి.

వాళ్లలో సగం మందికి కుట్టు నేర్పింది సారవ్వ. వయసులో ఉండగానే బాయిలో పైకప్పు కూలి ఆమె పెనిమిటి చచ్చిపోయాడు. మిషన్ తొక్కి ఇద్దరు పిల్లల్ని సాదింది. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు సారవ్వ జాకెట్టు చేతికి ఇచ్చేది కాదు. ముందు లంగా కుట్టమనేది. బట్ట ఎట్లా వంగుతుందో, ఎట్లా జారుతుందో లంగా కుడితేనే తెలుస్తుందనేది.

చిన్న పిల్లలకు కుచ్చుల లంగా. నిలువు బట్ట తీసుకుని నడుము దగ్గర నాడా పట్టీ వేసి కుచ్చు లాగడమే. కింద అంచుకు పైన రెండు అడ్డ మడతలు వేసి కుట్టి ఉంచాలి. పిల్ల పెరిగినకొద్దీ ఏడాదికొక మడత ఊడదీస్తే లంగా పిల్లతో పాటు పెరుగుతుంది. కాస్త ఎదిగిన పిల్లలకు గొడుగు లంగా. బట్టను నాలుగు మడతలు వేసి, మూల నుంచి నడుముకొక వంపు, అంచుకొక వంపు కోస్తే చాలు. నడుము దగ్గర ఒక్క కుచ్చు ఉండదు, గిర్రున తిరిగితే మాత్రం గొడుగులా విప్పుకుంటుంది. ఆరు ముక్కల లంగాకు ముక్కలన్నీ పైన సన్నగా, కింద వెడల్పుగా కోసి అతకాలి. ఒక ముక్క తలకిందులుగా, ఒక ముక్క నిటారుగా పరిచి కోస్తే బట్ట దండగ కాదు. బడికి పోయే పిల్లలకు మడతల స్కర్టు. మడతలన్నీ ఒకే వైపు తిప్పి పరిస్తే ఒక రకం. రెండు మడతలు ఎదురెదురుగా పెట్టి ఇస్త్రీ వేస్తే ఇంకో రకం, దాన్నే బాక్స్ ప్లీటు అంటారు. దానికి నడుముకు మూడింతల బట్ట కావాలి. పిల్ల నిలబడితే ఆ స్కర్టు పలకలా నిలబడుతుంది. పిల్ల ఉరికితే మడతలన్నీ తెరుచుకుంటాయి.

"నిలబడ్డప్పుడు అందం సూసెటోళ్లకు," అనేది సారవ్వ. "ఉరికినప్పుడు సుఖం పిల్లకు. మనం కుట్టేది ఉరికే పిల్లకు."

కాంట్రాక్టరు రఘుపతి ఒకప్పుడు యూనియన్ జెండా పట్టినవాడే. బాయి గేటు ముందు మీటింగుల్లో గొంతు చించుకున్నవాడే. సారవ్వ పెనిమిటి శవం పక్కన నిలబడి పిడికిలి ఎత్తి నినాదాలు ఇచ్చినవాడే. తర్వాత యూనియన్ చీలింది, చీలిన ముక్క మళ్లీ చీలింది. ఎటు చీలినా రఘుపతి పైకే వచ్చాడు. మొదట కూలీల కాంట్రాక్టు, ఆ తర్వాత లక్ష్మీనగర్‌లో భార్య పేరు మీద రెడీమేడ్ దుకాణం, చివరికి సర్కారు బడి పిల్లల ఉచిత యూనిఫారాల పని. అయినా నోటి నుంచి "మన కార్మికులు" అన్న మాట పోలేదు. ఆడవాళ్లను అక్కా, చెల్లే అనే పిలిచేవాడు.

రెండువేల పదకొండు ఎండాకాలంలో నీలం బట్ట లారీలో వచ్చింది. ఆడవాళ్లు సంబరంగా దింపుకున్నారు. తాము కుట్టే బట్ట తమ పిల్లలే వేసుకుంటారు. మొదటి విడత స్కర్టులు బాక్స్ ప్లీట్లతో, కింద లోతైన మడతతో కుట్టారు. ఒక వారం గడిచింది. రఘుపతి ఒక మచ్చు స్కర్టు తెచ్చి కత్తిరించే బల్ల మీద పడేశాడు. ముందొక ముక్క, వెనకొక ముక్క, రెండు పక్కలా కుట్టు, నడుముకు ఎలాస్టిక్. ఇక మీద ఇట్లాగే కుట్టాలన్నాడు.

సారవ్వ దాన్ని బల్ల మీద పరిచి కింది అంచు మీద జానలు వేసింది. తల ఎత్తింది.

"గిది స్కర్టా రఘుపతీ, దిండు గలీబా?"

షెడ్డంతా నవ్వింది. రఘుపతి కూడా నవ్వాడు. సినిమాల్లో చూడటం లేదా, ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అన్నాడు. పొద్దున కాలేజీకి పోయి మధ్యాహ్నం కుట్టడానికి వచ్చే రమ అనే పిల్ల ఊరుకోలేదు.

"సినిమాల హీరోయిన్ కారెక్కుతదన్నా. మా పోరగాండ్లు ఆటో ఎన్క యేలాడుతరు."

ఈసారి రఘుపతి నవ్వలేదు. సారవ్వ అడిగింది, పోనీ వెనక కాస్త బట్ట కలిపి ఒక చీలిక అన్నా పెడతామని, అడుగు వేయడానికి వీలవుతుందని. దానికి అతడు ముఖం చిట్లించాడు. ఆడపిల్లల బట్టకు చీలిక పెడతారా, ఇజ్జత్ ఉండాలా వద్దా అన్నాడు. బట్ట మిగుల్చుకోవడానికి ఇజ్జత్ అడ్డం పెట్టాడని అందరికీ అర్థమైంది. అర్థమైనట్టు అతడికీ తెలిసింది. ఇష్టం లేనివాళ్లు మిషన్ తీసుకుని ఇంటికి పోవచ్చని చెప్పి బండెక్కాడు.

ఎవరూ పోలేదు. ఎక్కడికి పోతారు? పైనుంచి యంత్రాలతో తవ్వే ఓపెన్ కాస్టు గనులు వచ్చాక మగవాళ్ల పనులే పోతున్నాయి. ఊళ్లు గనుల కింద పోయాయి, పొలాలు పోయాయి. కూలికి పోదామన్నా నాటు వేసే మడి లేదు.

ఇరుకు స్కర్టులు కుట్టారు. మిగిలిన బట్ట ఏమైందో వాళ్ల కళ్ల ముందే తేలింది. జ్యోతినగర్ తొవ్వలో కొత్తగా వెలసిన ఒక ప్రైవేటు బడి ఆర్డరు అదే షెడ్డుకు వచ్చింది. అదే నీలం రంగు, అంచు మీద అదే పసుపు గీత, అదే తాను. ఆ బడి పిల్లలకు మాత్రం మూడింతల బట్ట, బాక్స్ ప్లీట్లు, లోపల అస్తరు. ఒకే బల్ల మీద పొద్దున ఆ పిల్లల స్కర్టులు, మధ్యాహ్నం తమ పిల్లల స్కర్టులు కోశారు. బట్ట దొంగతనం తమ కత్తెరతోనే జరుగుతోందని తెలుసు. తెలిసినా చేయగలిగిన మేలు ఒక్కటే కనబడింది. ఇరుకు స్కర్టు నడుస్తుంటే పక్క కుట్టు పిగిలి బడిలో పిల్లల పరువు పోతుందని, పక్కలకు రెండు వరసలు కుట్టారు. ఆ మాట మొదట అన్నది శోభ.

ప్రమాదం కబురు వచ్చినప్పుడు ఆమె అవే కుడుతోంది. మిషన్ల చప్పుడులో గుమ్మం దగ్గర మనిషి అరిచింది వినబడలేదు. సారవ్వ లేచి పోయి విని వచ్చి, శోభ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

కరీంనగర్ దవాఖానలో స్వరూప ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. తండ్రి పోశం మొదటి షిఫ్టు దిగి బొగ్గు మొఖంతోనే వచ్చాడు. నర్సు ఒక కవరులో పిల్ల బట్టలు పెట్టి ఇచ్చింది. వరండాలో కూర్చుని శోభ స్కర్టు తీసి చూసింది. రక్తం ఎండి అట్టకట్టింది. కాలి మీదుగా లారీ పోయిన స్కర్టు పక్క కుట్టు దారం ఒక్క చోట కూడా తెగలేదు. కుట్టు చివర దారాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి ముడివేసి ఉంది. షెడ్డులో అట్లా ముడివేసే అలవాటు శోభకు ఒక్కదానికే ఉంది.

ఆమె ఏడవలేదు. ఆ స్కర్టును మడిచి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పలకరించడానికి పోయిన ఆడవాళ్లతో ఒక మాట అంది. కుట్టు పిగిలి ఉంటే కాలు దక్కేది అని.

ఊళ్లో గుసగుస మొదలైంది. ఇరుకు స్కర్టుతో నడవలేక బడి మెట్ల మీద పడ్డ పిల్లలు, కాలువ దాటలేక తిరిగొచ్చిన పిల్లలు ఇంకా ఉన్నారు. తల్లులు బడికి పోయి అడిగారు. హెడ్మాస్టరు వామనరావు మంథని మనిషి, మెత్తని వాడు. వచ్చినవి వచ్చినట్టు పంచాను తప్ప నా చేతిలో ఏముందమ్మా అన్నాడు. పిల్లలు ఇరుకిరుకుగా అడుగులు వేస్తుంటే ఆయనా చూశాడు. చూసి ఊరుకున్నాడు.

గుసగుస తన దాకా రాకముందే రఘుపతి మాట తిప్పేశాడు. కొలతలు తాను సరిగ్గానే ఇచ్చాననీ, కుట్టే ఆడవాళ్లే బట్ట కాజేసి పిల్లలకు ఇరుకుగా కుట్టారనీ పోలీసులకు చెప్పాడు. బడి ముందు నలుగురిలోనూ అదే చెప్పాడు. "మనోళ్లని నమ్మి పని ఇస్తే గిట్ల జేసిన్రు," అని బాధ పడ్డాడు కూడా.

పోలీసులు బస్తీలో ఇళ్లు సోదా చేశారు. శోభ ఇంట్లో ఒక బొంత దొరికింది. షెడ్డు ఊడ్చేటప్పుడు చెత్తలో పడేసే నీలం పేలికలను పాత చీర మీద అతికి కుట్టిన బొంత. స్వరూప వాన రాత్రుల్లో కప్పుకునేది. దాన్ని జీపులో వేసుకుని పోయారు. కాలు పోయిన పిల్ల దవాఖానలో ఉండగా, తల్లిని రోజూ స్టేషన్‌కు పిలిచి బల్ల మీద కూర్చోబెట్టారు.

రఘుపతి ఒక మనిషి చేత కబురు పంపాడు. శోభ బట్ట కాజేయడానికి ఇరుకుగా కత్తిరించానని ఒప్పుకుంటే కేసు లేకుండా చూస్తాడట. ప్రమాదం నాటి నుంచి షెడ్డుకు రాని మిగిలినవాళ్లు వచ్చి ప్రైవేటు బడి ఆర్డరు పూర్తి చేయాలట. లేకపోతే మంచిర్యాల నుంచి వేరే ఆడవాళ్లను తెస్తాడట.

ఆ మధ్యాహ్నం అందరూ సారవ్వ ఇంటి ముందు చేరారు. ఎవరూ మెత్తగా మాట్లాడలేదు. పోశవ్వ అనే ఆమె ముందే చెప్పింది, తన ఇంట్లో పొయ్యి మిషన్ మీదనే వెలుగుతుందని, ఒక్క మాట ఒప్పుకుంటే అందరి పని నిలబడుతుందని. ఇంకో ఇద్దరు ఆమె వెంట తల ఊపారు. కాలు ఎట్లాగూ పోయింది, ఇంకా కేసుల్లో పడి ఏం సాధిస్తామని అడిగారు. రమ వాళ్ల మీద లేచింది. ఇవాళ శోభక్క, రేపు నువ్వు అంది. చదువుకున్న పిల్లవు, నీకు కడుపు కాలుడు తెలుసా అని పోశవ్వ తిరగబడింది. మాట మీద మాట పెరిగింది.

శోభ అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉంది. లేచింది.

"తప్పు జేసిన. ఒప్పుకుంట. రెండు కుట్లేసిన, గట్టిగ ఏసిన. ఒక్క కుట్టేసుంటె పిగిలేది, నా బిడ్డ ఉరికేది. గా తప్పు ఎవల ముంగట ఒప్పుకోమన్న ఒప్పుకుంట. బట్ట దొంగను మాత్రం నేను గాదు. గది ఒప్పుకుంటే, నా బిడ్డ కాలు నేనే తీసినట్టు."

పోశవ్వ తల దించుకుంది. చివరికి సారవ్వ, పెద్ద మాటలేవీ లేకుండా, ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. నువ్వు ఇరుకు స్కర్టు కుడతావా? నువ్వు కుడతావా? అందరూ కుట్టేది లేదన్నారు. పోశవ్వ చివరగా అంది.

"కుట్ట. గని ఊకె కూసుంటే ఏమొస్తది? షెడ్డుల మన పిల్లల బట్ట ఉన్నది. అది అట్లనే గా ప్రైవేటు బడికి పోనిద్దామా?"

భయపడ్డ మనిషే తొవ్వ చూపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి. బొగ్గు పైకి రాలేదు. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. గోదావరిఖని రోడ్ల మీద మనిషి పక్కన మనిషి కూర్చున్నాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకున్నారు, రోడ్డు మీదే ఆడారు, పాడారు. చరిత్రలో అంతటి జనం ఒక్క మాట మీద నిలబడటం ఆ బొగ్గు నేల అరుదుగా చూసి ఉంటుంది. ఆ జనంలో షెడ్డు ఆడవాళ్లూ ఉన్నారు. తెలంగాణ వాళ్లకూ కావాలి.

చౌరస్తాలో వేదిక వేశారు. వేదిక మీద కుర్చీలు. ముందు వరస కుర్చీలో గులాబీ కండువా వేసుకుని రఘుపతి. సమ్మె చేస్తున్నవాళ్లకు ఆ రోజు భోజనాలు ఆయనే పెట్టిస్తున్నాడని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో పోశం తోటి కార్మికులూ ఉన్నారు. పోశం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

పొద్దెక్కాక షెడ్డు వైపు నుంచి ఆడవాళ్లు వరసగా వచ్చారు. ఇద్దరిద్దరు ఒక్కో మిషన్ మోసుకొస్తున్నారు. సారవ్వ, శోభ భుజాన నీలం బట్ట తాను ఉంది. వెనక బస్తీ తల్లులు, వాళ్ల వెనక ఇరుకు స్కర్టులు చేత పట్టుకున్న ఆడపిల్లలు. వేదికకు ఎదురుగా రోడ్డు మీద మిషన్లు దించారు. చాపలు పరిచి తాను విప్పారు. సారవ్వ ఒక పిల్లను దగ్గరికి పిలిచి నడుము కొలిచింది, మూడింతలు లెక్కేసి కత్తెర పెట్టింది. మిషన్లు తిరిగాయి.

మొదట అందరూ ఇది సమ్మెలో భాగమే అనుకున్నారు. మంగలివాళ్లు రోడ్డు మీద గడ్డాలు గీశారు, వీళ్లు రోడ్డు మీద కుడుతున్నారు అని మైకులో మెచ్చుకున్నారు. రఘుపతి మాత్రం ఆ బట్టను గుర్తుపట్టాడు. పక్కన కూర్చున్న నాయకుడి చెవిలో ఏదో చెప్పాడు. నాయకుడు దిగి వచ్చాడు.

అమ్మా, మీ బాధ నిజమే కావచ్చు అన్నాడు. ఇప్పుడు అందరం ఒక్కటిగా ఉండవలసిన సమయం, ముందు తెలంగాణ రానివ్వండి, మిగిలినవన్నీ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. రమ మైకు అడిగింది. ఇవ్వలేదు. కార్మికుల్లో కొందరు కూడా లేచి, ఇప్పుడు ఇదేం పంచాయితీ, సమ్మె పాడుచేయడానికి వచ్చారా అని అరిచారు. ఆ అరుపులే ఆడవాళ్లకు ఎక్కువ తగిలాయి. అరిచినవాళ్లు పక్కింటివాళ్లు, బావలు, మరుదులు.

సారవ్వ కత్తెర కింద పెట్టలేదు. మైకు లేకుండానే మాట్లాడింది. చుట్టూ ఉన్న జనం వినడానికి సద్దుమణిగారు.

"తెలంగాణ మాకు గూడ గావాలె సారూ. గందుకే రోడ్డు మీద కూసున్నం. గని గా కుర్సీల కూసున్నాయన రేపు తెలంగాణల గూడ గదే కుర్సీల కూసుంటడు. అప్పుడు గూడ మా పోరగాండ్లు గిట్లనే కుంటుకుంట నడవాల్నా? తర్వాత అంటున్నరు. గీ శోభ బిడ్డకు తర్వాత కాలు మొలుస్తదా?"

నాయకుడు వెనక్కి తిరిగి వేదిక ఎక్కాడు. వేదిక మీద ఎవరో పాట అందుకున్నారు, ఆమె మాట మునిగిపోయేటట్టు.

అప్పుడు పోశం లేచాడు. వేదిక వైపు చూడలేదు. జనం మధ్య నుంచి నడిచివచ్చి భార్య మిషన్ పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు. ఆయన వెంట ఆయన బాయి జట్టులోని నలుగురు వచ్చారు. కాసేపటికి మరికొందరు. ఇందాక అరిచినవాళ్లలో ఒకతను కూడా వచ్చి, తల వంచుకుని, విప్పిన తాను చివర పట్టుకుని కూర్చున్నాడు. జనం రెండుగా కనబడ్డారు. వేదిక వైపు ఎక్కువమందే మిగిలారు. కానీ భోజనాలు వడ్డించినప్పుడు, మిషన్ల చుట్టూ కూర్చున్నవాళ్లెవరూ విస్తరి ముందు కూర్చోలేదు.

పోలీసులు వచ్చారు. సమ్మె మొదలైన నాటి నుంచి వాళ్లు రోడ్డు పక్కనే ఉన్నారు, చూస్తూ ఊరుకున్నారు. ఇప్పుడు వచ్చింది బట్ట దొంగతనం కేసు మీద. సారవ్వనూ శోభనూ లేపారు. తాను చుట్టి జీపులో వేశారు. మిషన్లు కూడా ఎత్తబోతే ఆడవాళ్లు ఒక్కో మిషన్‌కు ఇద్దరు ముగ్గురు చుట్టుకుని పట్టుకున్నారు. పోశవ్వ చేతి మీద లాఠీ పడింది. ఆమె వదల్లేదు. రెండోసారి పడింది. మణికట్టు ఎముక విరిగింది. వదల్లేదు. చివరికి మిషన్ తల ఊడి పోలీసు చేతిలోకి వచ్చింది, కాళ్లు ఆమె దగ్గర మిగిలాయి. వేదిక మీద పాట ఆగలేదు.

జీపెక్కేటప్పుడు సారవ్వ రమతో అంది. "సగం కుట్టిన స్కర్టులున్నయ్. పూర్తి జేయిండ్రి."

పూర్తి చేశారు. పోలీసులకు దొరకని ముక్కలతో, ఆ సాయంత్రానికే, కొద్దిమంది పిల్లలకే సరిపోయినా.

సారవ్వా శోభా వరంగల్ జైలు నుంచి బెయిలు మీద వచ్చేసరికి సమ్మె ముగిసింది. కేసు ముగియలేదు. వాయిదాలకు కరీంనగర్ తిరుగుతూనే ఉన్నారు. రఘుపతి షెడ్డుకు మంచిర్యాల ఆడవాళ్లను తెచ్చాడు. రమ వాళ్ల దగ్గరికి పోయి మాట్లాడింది. వాళ్లలో కొందరు తిరిగి వెళ్లిపోయారు, కొందరు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్లను ఎవరూ తిట్టలేదు. వాళ్ల ఇళ్లలోనూ ఇదే గతి అని తెలుసు.

బడులు తెరిచాక రెండో జత యూనిఫారాలు వచ్చాయి. ఇంకాస్త ఇరుకుగా వచ్చాయి.

పంచే రోజున పొద్దున్నే తల్లులు బడి గేటు ముందు కూర్చున్నారు. ఈసారి బస్తీ ఒక్కటే రాలేదు. రామగిరి వైపు గనుల కింద ఊళ్లు పోయిన ఆడవాళ్లు వచ్చారు. పిల్లల్ని ఆటోల్లో పంపే తల్లులు దూరం నుంచి వచ్చారు. విరిగిన చెయ్యి పట్టీతో పోశవ్వ వచ్చింది. పోశం, అతని జట్టు డ్యూటీ మానుకుని వచ్చారు. కాలేజీ నుంచి రమ వెంట పిల్లలు వచ్చారు. చంకల కింద కర్రలతో స్వరూప వచ్చింది. తల్లి వద్దన్నా వచ్చింది.

వామనరావు గేటు దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. తన ఉద్యోగం పోతుందన్నాడు. మీ ఉద్యోగం మాకెందుకు సారు, ఒక్క పిల్లతో తొడిగించి చూడండి చాలు అన్నారు. ఆయన లోపలికి పోయి కొత్త స్కర్టులో ఆరో తరగతి పిల్లను పంపించాడు.

శోభ గేటు ముందు రోడ్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది. వర్షపు కాలువ వెడల్పు ఎంతో అంత దూరాన ఇంకో గీత గీసింది.

"అంగెయ్ బిడ్డా," అంది.

పిల్ల అంగ వేయబోయింది. స్కర్టు పట్టేసింది. తూలింది. తల్లులు పట్టుకున్నారు. వెంట తెచ్చిన పాత లంగా పైన తొడిగి, స్కర్టు విప్పించి లోపలికి పంపారు. కొత్తది గేటు ముందు పడేశారు. రెండో పిల్లా దాటలేకపోయింది. మూడో పిల్లా అంతే. తర్వాత పిల్లలే వరస కట్టి వచ్చారు. కొందరు గీత మీద పడుతూ నవ్వారు. నవ్వినవాళ్లు స్వరూపను చూసి ఆగిపోయారు. గేటు ముందు నీలం కుప్ప మోకాలెత్తు లేచింది.

రఘుపతి ఫోను చేసి ఉంటాడు. జీపులు రెండు వచ్చాయి. కుప్ప చూసి ఎస్సై సర్కారు ఆస్తి అన్నాడు. ధ్వంసం అన్నాడు. అందరూ లేచి పక్కకు పోవాలన్నాడు. పోకపోతే లోపల వేస్తానన్నాడు. ఎవరూ లేవలేదు. లేవనిది భయంతో కాదని ఆయనకూ తెలిసింది. లాఠీ చంకలో పెట్టుకుని ఇంకోసారి చెప్పాడు.

స్వరూప కర్రలు అందుకోబోయింది. శోభ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"కూసో బిడ్డా. మనల్ని లేపుకునుడు ఆళ్ల పని."

లోపల గంట కొట్టారు. పాత లంగాల్లో ఉన్న పిల్లలు తరగతుల వైపు పోలేదు. ఒక్కొక్కరే గేటు దాటి వచ్చి తల్లుల వెనక కూర్చున్నారు.